చేప పాత పేరు, ఏటి పాత పేరు

సలాబత్‌పురా చీరల మార్కెట్లలో పగలంతా పార్సిళ్ల లెక్క చూసుకుంటూ, చేతిలో ఉన్న జువాలజీ డిగ్రీతో మత్స్యశాఖలోనో అటవీశాఖలోనో, లేదంటే హజీరా ఫ్యాక్టరీలకు పర్యావరణ నివేదికలు తయారుచేసే సంస్థల్లోనో పని సంపాదించాలని చూస్తున్న మన తెలుగు పిల్లలు సూరత్‌లో తక్కువేం లేరు. ఓల్‌పాడ్ వైపు రొయ్యల చెరువుల్లో టెక్నీషియన్లుగా కుదిరి, అంతకన్నా పై పనికి వెళ్లాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ ఉద్యోగాలన్నిటికీ పనికొచ్చే నేర్పు ఒకటుంది. ఫలానా చోట ఫలానా జీవి గురించి ఇంతవరకు ఎవరు ఏం చూశారు, అందులో ఏది నమ్మొచ్చు అని తేల్చి చెప్పగలగడం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందకు వచ్చే ప్రాజెక్టు ఏదైనా, చుట్టుపక్కల జీవజాలం ఎలా ఉందో నివేదికలో చెప్పాల్సిందే. మత్స్యశాఖ ఇంటర్వ్యూలో అయినా, పరిశోధన ప్రాజెక్టులో చిన్న కొలువు కోసం వెళ్లినా, తిరిగి తిరిగి ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వల వేయడం, నీటి నమూనా పట్టడం పక్కన ఎవరైనా ఉంటే కొద్ది రోజుల్లో వస్తాయి. పాత రికార్డును వెతికి పట్టుకోవడం మాత్రం లైబ్రరీలో కూర్చుంటేనే వస్తుంది.

మనకు దగ్గర్లో ఉన్నది ఉధనా–మగ్దల్లా రోడ్డులోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. 1965లో దక్షిణ గుజరాత్ యూనివర్సిటీగా మొదలైంది, 2004లో కవి నర్మద్ పేరు చేరింది. అక్కడ జలజీవశాస్త్రానికి విడిగా ఒక శాఖ ఉంది. చేపల మీద పని చేయాలనుకునేవాడు ముందుగా ఆ మెట్లు ఎక్కాలనడానికి ఆ శాఖే కారణం. నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం సూరత్ నుంచి లోకల్ రైలు దూరంలోనే ఉంది. అడవులు, వన్యప్రాణుల వైపు పని చేసేవాళ్లు దాన్ని వదలకూడదు.

విద్యార్థి కార్డు లేనివాడికి లోపలికి దారి ఎలా అన్నది చాలామంది బెంగ. గేటు దగ్గరే ఆగిపోయేది అడిగే పద్ధతి తెలియకే. పుస్తకాలు ఇంటికి కావాలని అడిగితే ఏ యూనివర్సిటీ అయినా కాదంటుంది. "రిఫరెన్స్ సెక్షన్‌లో ఇక్కడే కూర్చుని చదువుకుంటాను, ఫలానా విషయం మీద" అని ఒక కాగితం రాసి, ఆధార్ నకలు, మీరు చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచో, పనిచేసే సంస్థ నుంచో తెచ్చిన ఉత్తరం జత చేసి లైబ్రేరియన్‌కు ఇవ్వండి. రుసుము ఏదైనా ఉంటే వాళ్లే చెబుతారు. ఆదివారం తెరుస్తారా, పరీక్షల రోజుల్లో వేళలు మారతాయా అన్నవి వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోండి. మార్కెట్ సెలవు రోజు లైబ్రరీకీ సెలవైతే, ఆ ఒక్క పూటా పోయినట్టే.

లోపలికి వెళ్లేలోపు ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోవాలి. "తాపీ చేపలు" అని రాసుకుంటే అది ప్రశ్న కాదు. "ఉకాయ్ ఆనకట్ట పూర్తయ్యేలోపు, అంటే 1972కి ముందు, సముద్రం నుంచి తాపీలోకి పులస ఎక్కేదా, చూసినవాళ్లెవరు, ఏ నెలలో, ఎంతదూరం" అని రాసుకుంటే ప్రశ్న. ఒక జీవి, ఒక చోటు, ఒక కాలం. ఈ మూడూ లేని ప్రశ్నతో వెళ్తే ఎంత పెద్ద లైబ్రరీ అయినా నాలుగు పాఠ్యపుస్తకాలు చూపించి పంపిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అందరూ అక్కడే ఓడిపోతారు కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

లైబ్రరీలో ఏ కాగితమైనా అది పుట్టిన రోజు పేరుతోనే నిలబడి ఉంటుంది. పులసనే తీసుకోండి. గోదావరి వాళ్లు సముద్రంలో ఉన్నంతకాలం ఇలస అని, ఏరెక్కితే పులస అని అంటారు. భరూచ్ వైపు నర్మద ముఖద్వారంలో చాక్సీ, పాల్వా లాంటి పేర్లు వినిపిస్తాయి. శాస్త్రీయ నామం చూద్దామంటే అదీ కుదురుగా లేదు. 1822లో గంగానది చేపల మీద పుస్తకం రాసిన హామిల్టన్ దీన్ని క్లూపనోడాన్ ఇలిషా అన్నాడు. 1875–78 మధ్య వచ్చిన ఫ్రాన్సిస్ డే 'ఫిషెస్ ఆఫ్ ఇండియా'లో క్లూపియా ఇలిషా అని ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పరిశోధకులు హిల్సా ఇలిషా అని రాశారు. ఇవాళ టెన్యువలోసా ఇలిషా. ఇవాళ్టి పేరు ఒక్కటే కంప్యూటర్‌లో కొట్టి చూసుకుని "ఏమీ లేదు" అని లేచొచ్చే కుర్రాడు, 1940 నుంచి 1980 వరకు వచ్చిన పని దాదాపు అంతా వదిలేసుకున్నట్టే. పాత పేర్లన్నీ ఒకేచోట దొరకాలంటే ఫిష్‌బేస్ వెబ్‌సైట్‌లో ఆ చేప పేజీలో పర్యాయ నామాల పట్టిక చూడండి. పుస్తకంలో కావాలంటే 1991లో రెండు సంపుటాలుగా వచ్చిన తల్వార్, ఝింగ్రన్‌ల 'ఇన్‌ల్యాండ్ ఫిషెస్' తిరగేయండి.

చోటు పేర్లదీ ఇదే కథ. తాపీని పాత నివేదికల్లో తాప్తీ అనే రాశారు. నర్మద ఒకచోట నర్బదా, మరోచోట నెర్బుడ్డా. 1960 మే 1 దాకా గుజరాత్ అనే రాష్ట్రమే లేదు కాబట్టి, అంతకుముందటి సూరత్ చేపల లెక్కలు బొంబాయి రాష్ట్ర మత్స్యశాఖ కాగితాల్లో ఉంటాయి. నవసారి సంస్థానాల రోజుల్లో బరోడా కింద ఉండేది. దాని సంగతులకు బరోడా ప్రచురణలు చూడాలి. ఆ సంస్థానం కోసమే జేమ్స్ హార్నెల్ ఓఖామండల్ సముద్ర జీవుల మీద రాసిన నివేదికలున్నాయి. అదే హార్నెల్ మద్రాసు మత్స్యశాఖలోనూ పనిచేశాడు. కాకినాడ, విశాఖ తీరాల పాత సంగతులు కావాల్సినవాళ్లు ఆంధ్రప్రదేశ్ అని వెతక్కుండా మద్రాస్ ఫిషరీస్ బులెటిన్లు వెతకాలి. సూరత్ నుంచి రెండు గంటల రైలు ప్రయాణంలో వడోదరలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం హన్సా మెహతా లైబ్రరీ ఉంది. పాత సంస్థానపు ముద్రణలు వెతికేవాడు ఒక్కసారైనా అక్కడ ఒక పూట గడపాలి.

ఈ పేర్లు కుదిరాక ఏం దొరుకుతుందో చూడండి. సి.వి. కులకర్ణి 1950లో నర్బదా నదిలో హిల్సా గుడ్లు, పిల్ల చేపల తొలి దశల మీద రాసిన వ్యాసం ఉంది. కరమ్‌చందానీ, ఆయన తోటివాళ్లు 1958 నుంచి 1966 దాకా నర్మద చేపల మీద చేసిన పని 1967లో బరాక్‌పూర్ కేంద్రీయ అంతర్గత మత్స్య పరిశోధన సంస్థ బులెటిన్‌గా వచ్చింది. తాపీ మీద కరమ్‌చందానీ, పిసోల్కర్ చేసిన సర్వే 1976లో అదే సంస్థ నాలుగో సర్వే రిపోర్టుగా అచ్చయింది. మనం రోజూ బస్సులో దాటే నది మీద ఇంత పని జరిగి, పుస్తకరూపంలో కూర్చుని ఉంటే, "తాపీ మీద ఎవరూ ఏమీ రాయలేదు" అని నివేదికల్లో రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

కాబట్టి నోటుపుస్తకంలో మొదటి పేజీ పేర్లకే వదిలిపెట్టండి. చేప ఇవాళ్టి పేరు, పాత పేర్లు, తెలుగు పేరు, గుజరాతీ పేరు. ఏటి పేరు ఎన్ని విధాలుగా రాశారో అన్నీ. ఆ చోటు ఏ కాలంలో ఏ ప్రభుత్వం కింద ఉందో. సూరత్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉంది. గుజరాతీ చదవగలరు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మార్కెట్‌లో చేపలమ్మే ఆవిడ చెప్పే పేరుకూ, శాఖ వార్షిక నివేదికలో అచ్చయిన పేరుకూ లంకె వేయగలగడం బయటనుంచి వచ్చిన పరిశోధకులకు అంత తేలిక కాదు.

అల్మరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన దేశంలో చాలా లైబ్రరీలు డ్యూయీ దశాంశ పద్ధతిలోనే పుస్తకాలు సర్దుతాయి. అందులో చేపల జంతుశాస్త్రం 597, పక్షులు 598, క్షీరదాలు 599. చేపలు పట్టడం 639.2, పెంపకం 639.3, వన్యప్రాణి సంరక్షణ 639.9. నీటి జీవావరణం 577.6. వనరుల ఆర్థిక కోణం 333.95లోకి వెళ్లిపోతుంది. అంటే ఒకే చేప మీద పుస్తకాలు నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. 597 దగ్గర నిలబడి అంతే అనుకోవద్దు. ఆ లైబ్రరీ వేరే పద్ధతి వాడుతుంటే కౌంటర్‌లో ఒక్క మాట అడిగితే వరస చెబుతారు.

పుస్తకాలకన్నా ఎక్కువ పనికొచ్చేవి థీసిస్‌లు. పీహెచ్‌డీ థీసిస్ చేతికొస్తే మొదటి అధ్యాయం నుంచి చదవకండి. పద్ధతుల అధ్యాయం చూడండి, తర్వాత చివరి అనుబంధాల్లో పట్టికలు. మీకు కావలసిన అసలు కొలతలు అక్కడే ఉంటాయి. సమీక్ష అధ్యాయంలో "ఫలానాయన ఇలా అన్నాడు" అని ఉన్నదాన్ని ఎత్తి రాసుకోవద్దు, ఆ ఫలానాయన కాగితం వెతికి చూడండి. దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు శోధగంగలో ఉచితంగా చదవొచ్చు. దాన్ని నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ మన గాంధీనగర్‌లోనే ఉంది. వ్యవసాయ, మత్స్య విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్ ఉంది.

అసలు కాగితం దాకా వెళ్లమని ఇంత గట్టిగా చెప్పడానికి మన సూరత్ జిల్లాకు సంబంధించిన ఉదాహరణే ఉంది. మన ఊళ్లలో కనిపించే పైడికంటెను పోలిన అడవి గుడ్లగూబ ఒకటుంది, ఇంగ్లిషులో ఫారెస్ట్ ఔలెట్ అంటారు. 1873లో హ్యూమ్ దానికి హెటెరోగ్లాక్స్ బ్లెవిట్టి అని పేరు పెట్టాడు. తర్వాత ఎథీనీ ప్రజాతిలో కలిపారు, ఇప్పుడు మళ్లీ పాత పేరు వాడేవాళ్లున్నారు. దాని నమూనాలు ప్రపంచం మొత్తం మీద మ్యూజియాల్లో గుప్పెడే. అవన్నీ 1872, 1884 మధ్య సేకరించినవి. ఒక్కటి మాత్రం వేరు: 1914లో తాపీ ఒడ్డున మాండ్వీ దగ్గర తానే కొట్టానని బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మీనర్ట్‌జ్‌హాగెన్ చీటీ రాసి పెట్టిన నమూనా. మాండ్వీ అంటే మన జిల్లా మాండ్వీయే. ఆ చీటీని నమ్మినవాళ్లు చాలాకాలం దాన్నే ఆ పక్షి ఆఖరి రికార్డుగా రాస్తూ వచ్చారు.

పమేలా రాస్ముస్సెన్, నైజెల్ కాలర్ ఆ నమూనాను మళ్లీ చేతికి తీసుకున్నారు. ఎక్స్‌రేలు తీసి, చర్మం తయారుచేసిన తీరు పరిశీలించి, అది 1880లలో ఖాందేశ్‌లో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పక్షేనని తేల్చారు. పార్సిల్ మీద చీటీ పీకి వేరే పార్టీ పేరు అంటించినట్టు, మీనర్ట్‌జ్‌హాగెన్ దాన్ని మ్యూజియం నుంచి ఎత్తుకెళ్లి, మళ్లీ కుట్టి, కొత్త చోటు, కొత్త తేదీ వేశాడు. రాస్ముస్సెన్, కాలర్‌ల వ్యాసం 1999లో ఐబిస్ పత్రికలో వచ్చింది. నిజమైన పాత రికార్డులున్న చోట్లనే నమ్ముకుని వెతికిన రాస్ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్‌లకు 1997 నవంబరులో ఖాందేశ్‌లోని షహాదా దగ్గర ఆ పక్షి బతికి కనిపించింది. నూట పదేళ్లకు పైగా ఎవరి కంటా రుజువుగా పడని పక్షి. తర్వాత మన పక్కనే ఉన్న డాంగ్ అడవుల్లోనూ చూశారు.

మీరు రేపు మాండ్వీ తాలూకాలో ఏ ప్రాజెక్టుకో పక్షుల జాబితా రాస్తున్నారనుకోండి. 1999కి ముందు వచ్చిన పుస్తకం ఒక్కటి చూసి ఊరుకుంటే, 1914 నాటి అబద్ధపు రికార్డు మీ నివేదికలోకి నడిచి వస్తుంది. అందుకే ఏ రికార్డు దగ్గరైనా మూడు సంగతులు అడగాలి: నమూనా ఎక్కడుంది, చూసినవాడే రాశాడా, తర్వాత ఎవరైనా తప్పని చెప్పారా. మూడోదాని కోసం పత్రికల్లో వెతకాలి. సలీం అలీ, రిప్లీల పది సంపుటాల 'హ్యాండ్‌బుక్' ఎంత గొప్పదైనా 1968–74 నాటిది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రిక 1886 నుంచి వస్తోంది. ఒక జీవి మీద మారిన అభిప్రాయాలన్నీ దాని సంచికల్లో వరుసగా కనబడతాయి. గుజరాత్ జీవజాలం మీద జువాలజికల్ సర్వే రాష్ట్ర సంపుటాలున్నాయి. వాటిలో వెన్నెముక గల జంతువుల భాగం 2000లో వచ్చింది.

చేపల పాత పట్టికల దగ్గర ఇంకో రెండు గోతులున్నాయి. ఒకటి తూకం. పాత నివేదికల్లో చేపలు మణుగుల్లో లెక్క రాశారు. బొంబాయి మణుగు 28 పౌండ్లు, మద్రాసు మణుగు 25 పౌండ్లు, బెంగాల్ మణుగు 82 పౌండ్ల పైచిలుకు. ఏ మణుగో తెలియకుండా కిలోల్లోకి మార్చితే నాటి చేపల రాశి మూడింతలై కూర్చుంటుంది, "అప్పట్లో ఎంత చేప ఉండేదో" అని వాపోవడమే మిగులుతుంది. నివేదిక అచ్చయిన ఊరు, ముందుమాటలో తూకాల వివరణ చూశాకే కాలిక్యులేటర్ తీయండి. మెట్రిక్ తూనికలు 1958 నుంచి అంచెలంచెలుగా వచ్చాయి. ఆ నాలుగైదేళ్ల పట్టికల్లో రెండు రకాలూ కలిసి ఉండొచ్చు.

రెండోది చేప పొడవు. ఒకరు మూతి నుంచి తోక చివరి దాకా కొలుస్తారు, ఒకరు తోక చీలిక దాకా, మరొకరు తోక రెక్క మొదలు దాకా. పులసలాంటి లోతు చీలిక తోక ఉన్న చేపకు ఈ మూడూ బాగా తేడాగా వస్తాయి. రెండు కాలాల చేపల సైజు పోల్చేముందు ఎవరు ఎలా కొలిచారో పద్ధతుల పేజీలో చూసి, మీ పట్టికలో ప్రతి వరస పక్కనా రాయండి. పొడవుకూ బరువుకూ ఉన్న సంబంధం లెక్క కట్టేటప్పుడు ఈ ఒక్క గమనికే మీ పనిని నిలబెడుతుంది. ఆ లెక్కలు మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎఫ్‌ఏఓ ప్రచురించిన స్పారె, వెనెమాల ఉష్ణమండల చేపల రాశి అంచనా పుస్తకం నెట్‌లో ఉచితం. ఉదాహరణలు చేత్తో చేసుకుంటూ వెళ్లేలా రాశారు, ట్యూషన్ అక్కర్లేదు.

పని చేసేవాళ్లకు దొరికేది వారానికి రెండు మూడు గంటలే కాబట్టి, ఇంట్లో చేయగలిగింది లైబ్రరీలో చేయకండి. షిఫ్టు దిగాక ఫోన్‌లోనే కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ భాండాగారం, జీవవైవిధ్య పాత పుస్తకాల డిజిటల్ లైబ్రరీ చూడొచ్చు. 1803లో లండన్‌లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ పుస్తకం కూడా అలా దొరుకుతుంది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వాటి పక్కన అక్కడి జనం చెప్పిన పేర్లు. రెండు వందల ఏళ్ల కిందట మన బెస్తవాళ్ల నోట విన్న పేర్లు అవి. తీరపు ఊళ్లలో బంధువులున్నవాళ్లు ఒకసారి వాళ్లకు చదివి వినిపించండి, ఎన్ని పేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయో తెలుస్తుంది. లైబ్రరీ గంటల్ని అచ్చు థీసిస్‌లకు, వార్షిక నివేదికలకు, డబ్బు కడితేగానీ తెరుచుకోని పత్రికలకు మాత్రమే ఉంచండి. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం ఒకే చందా' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు పదమూడు వేల దాకా పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. బయటివాళ్లు అక్కడి కంప్యూటర్‌లో చదువుకోవచ్చా అని లైబ్రేరియన్‌ను అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

ఫొటో తీయనిస్తే ముందు పేరు పేజీ, అచ్చు సంవత్సరం ఉన్న పేజీ తీసి, ఆ తర్వాతే కావలసిన పేజీలు తీయండి. పుట సంఖ్య కత్తిరించుకుపోకుండా చూసుకోండి. పేరు పేజీ లేని ఫొటోలు రెండు నెలల తర్వాత ఎందుకూ కొరగావు. ఇంటికొచ్చాక జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే, రేపు నివేదిక చివర ఆధారాల జాబితా అదే తయారవుతుంది.

తాపీ సర్వే రిపోర్టు లాంటివి సూరత్‌లో దొరక్కపోవచ్చు. విశ్వవిద్యాలయాల ఉమ్మడి కేటలాగు ఇండ్‌క్యాట్‌లో ఏ లైబ్రరీ దగ్గరుందో చూసి, ఇక్కడి లైబ్రేరియన్ ద్వారా తెప్పించమని అడగండి. అదీ కాకపోతే బరాక్‌పూర్ సంస్థ లైబ్రరీకే మెయిల్ రాయండి. వడోదరలో ఆ సంస్థకు కేంద్రం ఉంది, అక్కడా అడగొచ్చు. "తాపీ చేపల సమాచారం పంపండి" అని రాస్తే జవాబు రాదు. రచయితల పేర్లు, సంవత్సరం, సర్వే రిపోర్టు నంబరు, మీ ప్రశ్న, మీకు కావలసినవి విషయసూచిక, చేపల పట్టికలు మాత్రమేనని నాలుగు వాక్యాల్లో రాయండి. పంపిన తేదీ మీ నోటుపుస్తకంలో ఆ రిపోర్టు పేరు పక్కనే వేసుకోండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే పని వేళల్లో ఫోన్ చేసి, ఆ మెయిల్ తేదీ చెప్పి అడగండి.